వంగమొక్క ఆకులు కలిపి కుట్టిన దర్జీపిట్ట: నీళ్లు పోయడం, చీమలు, పసుపు తిరిగిన ఆకు

వంగతోట (ప్రశ్న)

వరండా అంచున 14 అంగుళాల కుండీలో కాపుకొచ్చిన వంగమొక్క ఉంది. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో రెండు ఆకుల అంచులు కలిసి సంచిలా అయ్యాయి. కలిసిన చోటల్లా ఆవగింజంత దూది ఉండలు బయటికి కనిపిస్తున్నాయి. చిన్న పిట్ట, వీపు ఆకుపచ్చ, నుదురు ఇటుక రంగు, తోక ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటుంది. నాలుగు రోజులు లోపలికీ బయటికీ తెగ తిరిగింది. నిన్నటి నుంచి లోపలే ఎక్కువసేపు ఉంటోంది.

ఎండకి ఈ మొక్కకు రోజూ నీళ్లు కావాలి. పోస్తే పిట్ట బెదిరి గూడు వదిలేస్తుందా? రెండు ఆకుల్లో కిందిది ముదురాకు, అంచున పసుపు తిరుగుతోంది, రాలిపోతే ఏం చేయాలి? కొమ్మలకు పిండినల్లి పట్టింది, దాని వెంట కాండం మీద చీమల బారు. వేపనూనె కొట్టవచ్చా? జల్లు కొట్టే చోటు కాబట్టి కుండీని కాస్త లోపలికి జరపొచ్చా? మొత్తం ఎన్నాళ్లు పడుతుందో కూడా చెప్పండి.

ఆకుచాటు

మీరు చెప్పిన గుర్తులన్నీ దర్జీపిట్టవే. లిక్కుజిట్ట అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఆర్థోటోమస్ సుటోరియస్. ఆ రెండో మాటకు లాటిన్‌లో చెప్పులు కుట్టేవాడికి సంబంధించినది అని అర్థం. బరువు 6 నుంచి 10 గ్రాములు, అంతే.

ఆ దూది ఉండలు చూశారు కదా, గూడంతా నిలబడేది వాటి మీదే. ముక్కుతో ఆకు అంచున సన్నటి బెజ్జం పొడుస్తుంది. దూది పోగో, సాలెగూటి దారమో, పురుగు గూటి పట్టో ఆ బెజ్జంలోంచి లాగి పక్క ఆకు బెజ్జంలోకి తోస్తుంది. ముడి ఎక్కడా వేయదు. బయటికొచ్చిన కొస పొంగి ఉండలా విచ్చుకుంటుంది, ఇక వెనక్కి జారదు. కుట్టు అంటాం గానీ చాలాచోట్ల అది రివిట్ కొట్టినట్టే. కొన్నిసార్లు అదే పోగును పక్క బెజ్జంలోకి పొడిగిస్తుంది, అప్పుడు నిజంగానే కుట్టులా కనిపిస్తుంది. బెజ్జాలు ఎంత సన్నవంటే వాటి చుట్టూ ఆకు మాడదు. ఆకుల పైవైపు బయటికి ఉండేలా మలుస్తుంది కాబట్టి దూరం నుంచి మామూలు ఆకుల గుంపే అనిపిస్తుంది. అసలు గూడు ఆ సంచి లోపల ఉంటుంది. దూది, సన్న గడ్డి, వెంట్రుకలతో చేసిన లోతైన గిన్నె అది.

పొరపాటు పడే చోటు ఒకటుంది. ఆకులు అతికే ఎర్రచీమలు కూడా ఇలాగే ఆకులు కలుపుతాయి. కానీ వాటి అతుకు కాగితం లాంటి తెల్లటి పొరగా ఉంటుంది, విడివిడి ఉండలుండవు. బూడిదరంగు ప్రీనియా పిట్ట కూడా ఆకులు కుట్టి గూడు కడుతుంది. దాని గుడ్లు ఇటుక ఎరుపులో నిగనిగలాడతాయి. దర్జీపిట్టవి లేత నీలమో, గులాబీ ఛాయ తెలుపో, పైన గోధుమ ఎరుపు చుక్కలు. పొడవు సుమారు 16 మిల్లీమీటర్లు. గుడ్డు రంగు చూసి తేల్చుకుందామని మాత్రం ఆకు విప్పి చూడకండి. నుదుటి ఇటుక రంగుతో మీకు ఇప్పటికే తేలిపోయింది.

లెక్క ఇలా వేసుకోండి. గుడ్లు రోజుకొకటి చొప్పున, సాధారణంగా మూడు, ఒక్కోసారి నాలుగైదు. పొదగడం సుమారు 12 రోజులు. పిల్లలు గూట్లో ఉండేది సుమారు 14 రోజులు. మీ పిట్ట ఇప్పుడే గుడ్లు పెడుతోందనుకుంటే ఇవాళ్టి నుంచి నాలుగు వారాలు, అటూ ఇటుగా.

లోపలికి తొంగిచూడకుండానే ఏ దశలో ఉందో తెలుస్తుంది. పిట్ట లోపలికెళ్లి చాలాసేపు రాకుండా, వచ్చినా కొద్ది నిమిషాల్లోనే తిరిగి దూరుతుంటే పొదుగుతోంది. రెండు పిట్టలూ ముక్కున పచ్చపురుగులతో వస్తుంటే గుడ్లు పిగిలాయి. లోపలికి పురుగుతో వెళ్లి, బయటికి తెల్లటి మెత్తని సంచి లాంటిది ముక్కున పట్టుకుని పోతుంటే అది పిల్లల రెట్ట. గూడు వాసన కొట్టకుండా, కింద మరకలు పడకుండా అలా దూరం తీసుకెళ్లి పారేస్తాయి. పదిహేను అడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే ఇవన్నీ కనిపిస్తాయి.

మట్టివేళ్లు

పిట్ట సంగతి పైన చెప్పారు, నేను మొక్క సంగతి చెబుతాను. ఈ గూడు వేలాడేది బతికున్న ఆకు మీద. పిట్ట బెదురుతుందని నీళ్లు ఆపేయడం చాలామంది చేసే తప్పు. వంగాకు వాడితే అంచులు వాలతాయి, కుట్లు ఒకవైపుకు లాగుతాయి, బెజ్జాలు చీలి సంచి నోరు తెరుచుకుంటుంది. సాయంత్రం నీళ్లు పోస్తే ఆకు మళ్లీ లేస్తుంది గానీ చీలిన బెజ్జం కలవదు.

కాబట్టి రోజూ పోయండి. ఉదయం ఒకే వేళకు, పిట్ట మేతకు వెళ్లినప్పుడు. పైపుతో వద్దు. చెంబుతో కుండీ అంచు వెంట మట్టి మీదికి మెల్లగా, ఆకు మీద చుక్క పడకుండా. 14 అంగుళాల కుండీకి ఎండ రోజుల్లో లీటరున్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది. అడుగు రంధ్రం నుంచి కొద్దిగా కారితే చాలు. మట్టి మీద ఎండుటాకుల పొర రెండు అంగుళాలు పరిస్తే తేమ నిలుస్తుంది. ఏ పనైనా రెండు మూడు నిమిషాల్లో ముగించి తప్పుకోండి.

వేపనూనె వద్దు. ఏ మందూ వద్దు. మందు పిల్లలకు తగలడం ఒక ఎత్తు, వాటికి పెట్టే పచ్చపురుగులు, చిన్న పురుగులు ఆ చుట్టుపక్కల లేకుండా పోవడం ఇంకో ఎత్తు. పక్క కుండీలకూ ఈ నెల ఆపేయండి. మందు తగిలి మందకొడిగా కదిలే పురుగునే పిట్ట ముందు పట్టుకుంటుంది.

చీమలు మాత్రం నిజమైన ప్రమాదం. కళ్లు తెరవని పిల్లల్ని చీమలు పట్టాయంటే తల్లి ఏమీ చేయలేదు. అవి వస్తున్నది పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం. నల్లి పోతే బారు పోతుంది. గూటికి దూరంగా ఉన్న కొమ్మల మీది నల్లిని తడిగుడ్డతో తుడిచేయండి. గూడున్న కొమ్మ జోలికి వెళ్లకండి. కుండీ కాళ్ల మీద ఉన్నదైతే ఒక్కో కాలి కింద నీళ్ల మూకుడు పెట్టొచ్చు. కానీ మొక్క ఎక్కడా గోడకు, కమ్మీకి తగలకూడదు. ఒక్క ఆకు తగిలినా చీమలకు అదే వంతెన. చీమల పొడి, కాండానికి గ్రీజు పూయడం రెండూ వద్దు. గ్రీజు ఈకలకు అంటితే ఈ పిట్ట ఎగరలేదు.

చుట్టుపక్కల ఆకులు తుంచకండి, కాయలు కోసినా ఆ వైపువి వదిలేయండి. ఆ చాటు పోతే గూడు కాకి కంట పడుతుంది.

పిట్టగోడ

కుండీ జరపడం గురించి ఎవరూ చెప్పలేదు. జరపకండి. పిట్ట తన గూటికి గుర్తుపట్టిన దారిలో వస్తుంది. గూడు ఆ చోట లేకపోతే నాలుగు అడుగుల పక్కనున్నా వెతుక్కోలేకపోవచ్చు. ముఖ్యంగా గుడ్లు ఉన్నప్పుడు సులువుగా వదిలేసి ఇంకోచోట కొత్త గూడు మొదలుపెడుతుంది. పిల్లలు పుట్టాక పట్టు ఎక్కువ. అప్పుడు కూడా తప్పనిసరి అయితేనే, ఒక్కసారికి అడుగు కంటే మించకుండా. తల్లి మళ్లీ వచ్చి మేత పెట్టడం చూశాకే ఇంకో అడుగు. కుండీని తిప్పడం కూడా జరపడం కిందికే వస్తుంది. గూటి నోరు పడమటి ఎండకు తిరిగితే పిల్లలు వేడికి చనిపోతాయి.

జల్లుకు కుండీని కాదు, పైన నీడను కదపండి. గూటికి రెండడుగుల పైన, గాలికి కొట్టుకోకుండా బిగించిన చిన్న రేకో గోనెపట్టానో చాలు. కట్టిన గంటలోపు పిట్ట లోపలికి పోకపోతే వెంటనే తీసేయండి.

శత్రువుల్లో పిల్లి, ఎలుక, తొండ, జెముడుకాకి ముందుంటాయి. కుండీ పక్కన ఎక్కడానికి వీలైన స్టూలు, బకెట్టు లాంటివి తీసేయండి. మాటిమాటికీ వెళ్లి చూసే మనిషి కూడా కాకికి దారి చూపినట్టే. ఫోన్ ఫ్లాష్ అసలే వద్దు. తెలియనివారి కోసం ఇంకో మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకిచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ పాడుచేయడం, కదపడం కూడా ఉంది.

కుట్టుకు సాయం చేద్దామని నైలాన్ దారం, పొడవాటి జుట్టు పెట్టేవాళ్లున్నారు. నైలాన్ కొస పొంగదు, బెజ్జంలోంచి జారిపోతుంది. పైగా పిల్లల కాళ్లకు చుట్టుకుని బిగుస్తుంది. పెట్టాలనిపిస్తే రంగు వేయని దూది, అదీ రెండు అంగుళాలకు మించని పోగులు. మీ గూడు పూర్తయింది కాబట్టి ఇప్పుడు అదీ అక్కర్లేదు.

వంగతోట

అందరికీ ధన్యవాదాలండీ. జరపడం మానేశాను, నల్లి తుడిచాను. ముదురాకు సగం దాకా పసుపైంది, కాడ మొదట్లో కొద్దిగా వాలింది. గూడు ఇంకా నిటారుగానే ఉంది.

మట్టివేళ్లు

ఆకు పసుపైనా కుట్లు వెంటనే ఊడవు. ఊడేది కాడ, కాండం కలిసే చోట. కనుక ఆకును కాదు, కాడను పట్టి ఉంచాలి. అరంగుళం వెడల్పు పాత నూలుగుడ్డ పీలిక తీసుకోండి. పసుపాకు కాడ చుట్టూ ఒక చుట్టు, వెనక గట్టి కొమ్మ చుట్టూ ఒక చుట్టు తిప్పి ఎనిమిది అంకెలా వదులుగా ముడివేయండి. చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి. ఇప్పుడు కాడ విడిపోయినా ఆకు పీలికలోనే వేలాడుతుంది. పచ్చగా ఉన్న రెండో ఆకు మిగతా బరువు మోస్తుంది. టేపు, జిగురు, సన్న తీగ వద్దు. తీగ కాడను కోసేస్తుంది.

గూడు బాగా ఒరిగిపోతేనే కింద ఆసరా. అడుగున రెండు మూడు రంధ్రాలు చేసిన అర కొబ్బరిచిప్పను సంచి కింద, సంచిని పైకి నొక్కకుండా, వెనక కొమ్మకు కట్టండి. రంధ్రాలు లేకపోతే జల్లు నీళ్లు నిలిచి గూడు నానుతుంది. పనంతా ఒకేసారి, తల్లి బయట ఉన్నప్పుడు, అయిదు నిమిషాల్లో.

ఆకుచాటు

పొదగడం అయి పిల్లలు పుట్టాక ఇది గుర్తుంచుకోండి. పుట్టిన పదో రోజు దాటాక గూటి దగ్గర చేయి పెట్టకండి, ఆసరా కట్టడానికి కూడా. అప్పటికి ఈకలు వచ్చి ఉంటాయి, ఎగరడం రాదు. అలికిడికి బెదిరితే ఒకేసారి బయటికి దూకేస్తాయి, మళ్లీ గూట్లో పెట్టినా ఆగవు.

కింద పడ్డ పిల్ల ఒంటి మీద ఈకలు లేకపోతే మెల్లగా తీసి గూట్లో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. ఈకలుండి తోక పొట్టిగా ఉంటే అది గూడు వదిలే వయసు, పక్కనున్న గుబురు కొమ్మ మీద కూర్చోబెట్టి దూరంగా వెళ్లండి. నోట్లో నీళ్లు, పాలు, అన్నం పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతుంది.

ఒకే ఒక్క పిల్ల గూడంతా నిండి తల్లి కంటే పెద్దగా కనిపిస్తే కంగారు పడకండి, అది కోకిల జాతి పిట్ట పిల్ల కావచ్చు. బూడిదపొట్ట కోకిల దర్జీపిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది. దాన్నీ తీయకండి.

ఎగిరాక కూడా కొన్నాళ్లు తల్లీ తండ్రీ మేత పెడుతూనే ఉంటాయి. చీకటి పడితే ఒకే రెమ్మ మీద పిల్లలు మధ్యలో, పెద్దవి రెండు చివర్లలో, ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతాయి. వరండా దీపం ఆ వారం ఆర్పేయండి. పాత గూటిని సాధారణంగా మళ్లీ వాడవు, రెండో ఈతకు కొత్త ఆకులు వెతుక్కుంటాయి. వారం రోజులు ఏ రాకపోకా లేకపోతే పీలిక విప్పేయండి, ఆకు దానంతట అదే రాలుతుంది.