బ్యాంక్: ఒక మాటా, రెండు మాటలా?

పదాన్వేషి
మా చెల్లెలి కూతురు ఇంగ్లీషు పాఠం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. పడవను 'బ్యాంక్'కి కట్టేశారని ఉంది అందులో. "పడవని బ్యాంకుకెందుకు కట్టారు మావయ్యా?" అంది. నది గట్టును కూడా అలాగే అంటారమ్మా అన్నాను. "మరి డబ్బు దాచుకునేది?" అని వెంటనే ఇంకో ప్రశ్న. అవి రెండూ వేరే మాటలనీ, స్పెల్లింగ్ మాత్రం కలిసిందనీ, సంబంధమేమీ లేదనీ క్లాసులో చెప్పారట.

చాలామంది ఇదే చెబుతారు. నేను ఒప్పుకోను. నా లెక్కలో అది ఒకే మాట.

డబ్బు బ్యాంకు ఇంగ్లీషులోకి 15వ శతాబ్దం చివర్లో వచ్చింది, ఇటాలియన్, ఫ్రెంచి భాషల నుంచి. ఇటాలియన్‌లో 'బాంకో', 'బాంకా' అంటే బల్ల. డబ్బు మార్చేవాళ్లు ఆ బల్ల ముందు కూర్చుని దాని మీదే నాణేలు లెక్కపెట్టేవారు. ఇటలీకి ఆ మాట జర్మానిక్ భాషల (జర్మన్, ఇంగ్లీషు, స్కాండినేవియా భాషల కుటుంబం) నుంచి వెళ్లింది. నది గట్టు 'బ్యాంక్' 1200 ప్రాంతంలో స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది. పాత నార్స్‌లో గట్టును 'బక్కి' అనేవారు. అదీ ఆ జర్మానిక్ మూలం నుంచి పుట్టిందే. ఇక అదే మూలానికి ఇంగ్లీషులోనే పుట్టి పెరిగిన రూపం 'బెంచ్'. మన భాషలో 'అరుగు' ఉంది చూడండి, మట్టితో ఎత్తు చేసిందీ అదే, కూర్చునేదీ అదే. గట్టుకీ బల్లకీ మధ్య ఉన్న చుట్టరికం అలాంటిదే.

నిఘంటుప్రియ
పదాన్వేషి గారూ, మీరు చెప్పిన చరిత్ర సరైనదే. దాని నుంచి తేల్చిన మాట మాత్రం సరికాదు. మూలం ఒకటైతే మాట ఒకటైపోతుందా? అలాగైతే బెంచ్, బ్యాంక్ కూడా ఒకే మాట అనాల్సి వస్తుంది, అలా ఎవరూ అనరు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు గట్టుకు ఒక ఎంట్రీ, డబ్బుకు వేరే ఎంట్రీ ఇచ్చింది. ఎందుకంటే ఇంగ్లీషువాళ్లు గట్టు అనే అర్థాన్ని సాగదీసి డబ్బు అర్థం తెచ్చుకోలేదు. గట్టు మాట వాళ్ల దగ్గర రెండున్నర శతాబ్దాలకు పైగా వాడుకలో ఉన్నాక, డబ్బు మాట ఇంకో దారిలో, ఇంకో భాష నుంచి దిగింది. ఒక భాషలో ఒక అర్థం నుంచి ఇంకో అర్థం కొమ్మ వేస్తే నానార్థం. రెండు వేర్వేరు రాకలు ఒకే రూపంలో కనిపిస్తే అవి రెండు మాటలే.

రూపం మనల్ని ఎంత మోసం చేస్తుందో తెలుగులోనే చూడండి. 'చెయ్యి' అంటే హస్తం. 'పని చెయ్యి' అన్నప్పుడు క్రియ. చేత్తోనే కదా చేస్తాం, ఒకే మాట అయ్యుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. తమిళంలో హస్తం 'కై', చేయడం 'సెయ్'. అక్కడ రెండూ విడివిడిగానే ఉన్నాయి. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు పాత 'క' తెలుగులో 'చ' అయింది, కన్నడం 'కివి' మనకు 'చెవి' అయినట్టు. ఆ మార్పు తర్వాత హస్తమూ క్రియా ఒకే రూపంలోకి వచ్చి చేరాయి. పోలిక చూసి చుట్టరికం కలిపేస్తే ఇలాంటి చోట బోల్తా పడతాం.

గోధూళి
నేను విన్నది వేరేలా ఉంది. పూర్వం వర్తకులు నది గట్టు మీద కూర్చుని వ్యాపారం చేసేవారనీ, అందుకే డబ్బు వ్యవహారానికి ఆ పేరు వచ్చిందనీ. అది నిజం కాదా?

నిఘంటుప్రియ
కాదండీ. వినడానికి బాగుంటుంది కాబట్టి చెప్పుకుంటారు. డబ్బు అర్థం పుట్టింది ఇటాలియన్‌లో, అక్కడ ఆ మాటకు బల్ల అని అర్థం, నది ఊసే లేదు. గ్రీకు భాష చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 'త్రాపెజా' అంటే ప్రాచీన గ్రీకులో బల్ల. నేటికీ గ్రీకులో బ్యాంకుని 'త్రాపెజా' అనే అంటారు. జర్మానిక్ మాటతో దానికి ఏ సంబంధమూ లేదు, అయినా బల్ల నుంచి డబ్బు సంస్థ దాకా అదే దారిలో నడిచింది. బల్లే అసలు సాక్షి.

పదాన్వేషి
గ్రీకు ఉదాహరణకు థాంక్స్, నాకు బాగా నచ్చింది. ఇప్పుడు జర్మన్ చూడండి. 'బాంక్' అంటే బెంచీ, 'బాంక్' అంటే బ్యాంకు. ఏకవచనంలో తేడా లేదు. బహువచనంలో బెంచీలు 'బెంకె', బ్యాంకులు 'బాంకెన్'. డబ్బు అర్థం ఇటలీ వెళ్లి, వేషం మార్చుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. వచ్చాక బహువచనం వేరే పెట్టుకుంది. మాట ఎక్కడ విడిపోయిందో ఆ ఒక్క చోట కంటికి కనిపిస్తుంది. స్పానిష్‌లో ఆ తేడా కూడా లేదు. 'బాంకో' అంటే బెంచీ, బ్యాంకు, చేపల గుంపు కూడా.

ఇంకో సంగతి. దివాలాకు ఇంగ్లీషువాళ్లు వాడే 'బ్యాంక్రప్ట్' ఇటాలియన్ 'బాంకా రొత్తా' నుంచి వచ్చింది. విరిగిన బల్ల అని అర్థం. విందుకు వాడే 'బ్యాంక్వెట్' చిన్న బల్ల. సంతలో బల్లెక్కి అరుస్తూ దొంగ మందులు అమ్మేవాణ్ని 'మౌంట్‌బ్యాంక్' అన్నారు, అక్షరాలా బల్ల ఎక్కినవాడే. ఇంత పెద్ద కుటుంబాన్ని పక్కన పెట్టి "సంబంధం లేదు" అని పిల్లలకు చెప్పడమే నాకు బాధ.

లలితాక్షరి
నేను ఇంగ్లీషు పాఠాలు చెబుతాను, నాకూ ఈ టెన్షన్ ప్రతి ఏడూ ఉంటుంది. విమానం మలుపు తిరిగేటప్పుడు ఒక రెక్క వైపు ఒరగడాన్నీ బ్యాంక్ అంటారు. మబ్బుల బారుకీ అదే మాట. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో డాక్టర్ బెర్నార్డ్ ఫాంటస్ రక్తం నిల్వ చేసే చోటికి 'బ్లడ్ బ్యాంక్' అని పేరు పెట్టారు. వీటిలో ఏది ఏ మాట కిందకు వస్తుంది?

నిఘంటుప్రియ
విమానం ఒరగడం, మబ్బుల బారు గట్టు వైపువి. ఒరిగిన విమానం రెక్కలు గట్టు వాలుని గుర్తుచేస్తాయి, బారు తీరిన మబ్బు కూడా గట్టులాగే ఉంటుంది. బ్లడ్ బ్యాంకు డబ్బు వైపుది, దాచడం, అవసరమైనప్పుడు తీయడం అనే పోలిక మీద పుట్టింది. కొత్త అర్థాలు ఎప్పుడూ ఏదో ఒక కొమ్మ మీదే మొలిచాయి. అందుకే నిఘంటువులో ఎంట్రీలు విడిగా ఉంచాలంటున్నాను. ఒకే ఎంట్రీలో కుక్కితే రక్తం పక్కన విమానం వచ్చి కూర్చుంటుంది, ఏది దేని నుంచి వచ్చిందో చదివేవాడికి అంతు దొరకదు.

పదాన్వేషి
ఈ మాట ఒప్పుకుంటున్నాను. నిఘంటువులో ఎంట్రీలు విడిగానే ఉండాలి. 'ఒకే మాట' అన్నది వెనక్కి తీసుకుంటున్నాను, 'ఒక్క తల్లి పిల్లలు' అంటాను. కానీ 'సంబంధం లేదు' అన్న వాక్యం తప్పే. ఈ విషయంలో మీరు కూడా నాతోనే ఉన్నారు కదా?

నిఘంటుప్రియ
ఉన్నాను. వ్యుత్పత్తి చెప్పే చోట ఆ మాట ఎక్కడ కనబడినా దిద్దాలి.

లలితాక్షరి
అయితే వచ్చే పాఠంలో బోర్డు మీద ముందు ఒక బల్ల, పక్కన ఒక గట్టు గీస్తాను. రెండింటి పైగీత ఎంత దగ్గరగా ఉందో పిల్లల్నే చెప్పమంటాను.

పదాన్వేషి
బొమ్మ గీసి మా పాపకి చూపించాను. కాసేపు చూసి, "రెండిటి మీదా కూర్చోవచ్చు మావయ్యా" అంది.