హీత్రో కింద పోయిన గడ్డి విమానాశ్రయం: యుద్ధం కోసమా, యుద్ధం సాకా?

పొలంగట్టు:
లండన్ హీత్రోలో దిగే మనవాళ్లలో చాలామందికి తెలియదు, అక్కడ మొదట ఉన్నది ఒక ప్రైవేటు కంపెనీ పచ్చిక మైదానం, దాని చుట్టూ కూరగాయల తోటలు. విమానాల తయారీదారు రిచర్డ్ ఫెయిరీని నార్తోల్ట్ వైమానిక స్థావరం ఖాళీ చెయ్యమన్నారు. దాంతో ఆయన 1929లో అక్కడి హార్మండ్స్‌వర్త్ ఊరి చర్చి ఫాదర్ దగ్గర సుమారు 150 ఎకరాలు కొన్నాడు. మరుసటేడు గ్రేట్ వెస్ట్ ఏరోడ్రోమ్ మొదలైంది. సిమెంటు లేదు. చదును చేసిన గడ్డి, ఓ హ్యాంగరు (విమానాలు పెట్టే షెడ్డు). హేస్‌లోని తన ఫ్యాక్టరీలో తయారైన విమానాలను రోడ్డు మీద తెచ్చి ఇక్కడ ఎగరేసేవాళ్లు. స్వోర్డ్‌ఫిష్ అనే యుద్ధవిమానపు నమూనా 1934లో మొదట ఎగిరింది ఇక్కడే.

1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, యుద్ధకాలపు అత్యవసర అధికారాలతో ప్రభుత్వం ఈ మైదానాన్నీ, పక్కనున్న హీత్ రో పల్లెనూ తీసేసుకుంది. యుద్ధం సాకు మాత్రమేనని నా వాదన.

పాతపటాలు:
అన్నా, మీరు ఇవాళ్టి కళ్లతో చూస్తున్నారు. 1944లో జపాన్‌తో యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో ఎవరికి తెలుసు? దూరప్రయాణపు బరువైన విమానాలకు పొడవాటి రన్‌వేలు కావాలి. లండన్‌కి అప్పటిదాకా ఉన్న క్రోయ్‌డన్ విమానాశ్రయంలో అంత జాగా లేదు. ఇక్కడేమో నేల చదును, లండన్ దగ్గర. ఎవరైనా ఇదే ఎంచుకునేవారు.

పొలంగట్టు:
జాగా మంచిదే, కాదనను. నా గొడవ దాన్ని తీసుకున్న పద్ధతితో. అప్పట్లో వైమానిక శాఖలో సహాయ మంత్రిగా ఉన్న హెరాల్డ్ బాల్ఫర్ 1973 నాటి ఆత్మకథలో తనే ఒప్పుకున్నాడు. మనసులో ఉన్నది పౌర విమానాశ్రయమట, మంత్రివర్గ కమిటీకి చెప్పింది మాత్రం సైనిక అవసరం. ఆ అధికారాలు వాడితే బహిరంగ విచారణ అక్కర్లేదు కదా. చివరికి వైమానిక దళం పెద్దగా వాడకుండానే 1946 జనవరి 1న పౌర శాఖ చేతికి వెళ్లింది. ఆ రోజే బ్యూనస్ ఐరిస్‌కి విమానం బయల్దేరింది. ఇంకేం రుజువు కావాలి?

పాతపటాలు:
బాల్ఫర్ సంగతి ఒప్పుకుంటాను, అది తప్పే. కానీ ఒక మంత్రి మాటను బట్టి శాఖలో అందరిదీ అదే ఆలోచన అనలేం. ఫెయిరీకి పరిహారం కూడా ఇచ్చారుగా.

సీతామహాలక్ష్మి:
పరిహారం అన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ కేసు 1964 దాకా నడిచింది, 16 లక్షల పౌండ్లకు తేలింది. ఫెయిరీ 1956లోనే పోయాడు. లాయర్లను పెట్టుకోగల పెద్ద కంపెనీకే ఇరవయ్యేళ్లు పడితే, కోవెంట్ గార్డెన్ మార్కెట్‌కి కూరగాయలు పంపుకునే రైతుల గతేంటి? నేను అడగాలనుకున్నది వాళ్ల గురించి. మా తాతగారి రెండెకరాలు ఓ ప్రాజెక్టులో పోయాయి. ఆ నోటీసు కాగితం ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. ఆయన పోయేదాకా అడిగింది డబ్బు గురించి కాదు, "ఒక్కమాట ముందే చెప్పొచ్చుగా" అని. అందుకే నా ఓటు పొలంగట్టు గారికే.

మొన్న వేసవిలో హార్మండ్స్‌వర్త్ వెళ్లాను. 15వ శతాబ్దపు చెక్క ధాన్యపు కొట్టం ఇంకా నిలబడే ఉంది. లోపల దూలాలు నల్లగా, చేత్తో తాకితే గరుగ్గా ఉన్నాయి. పైన నిమిషానికో విమానం. మూడో రన్‌వే ప్రతిపాదనలో ఆ ఊళ్లో చాలా ఇళ్లు పోతాయి. ఈసారైనా అక్కడివాళ్లకు తమ మాట చెప్పుకునే అవకాశం దొరికింది. 1944లో హీత్ రో వాళ్లకు అదీ లేదు.