ఫ్లూట్, తంబురా, పియానో కలిసిన రిలాక్సింగ్ మ్యూజిక్‌లో నిజంగా బాగున్నవి ఏవి?

నిద్దరపట్టనోడు:
అందరికీ నమస్తే. రాత్రుళ్ళు పని చేసుకుంటూ, తర్వాత పడుకునే ముందు కూడా మాటల్లేని మ్యూజిక్ పెట్టుకోవడం నాకు అలవాటు. న్యూ ఏజ్ అంటారు కదా, ఒకపక్క మన వేణువు, సితార్, తంబురా, ఇంకోపక్క పియానో, గిటార్, సింథ్, రెండూ కలిసి మెల్లగా సాగిపోతుంది, అదన్నమాట. గోలేంటంటే యూట్యూబ్‌లో వెతికితే వచ్చేవన్నీ ఒకే అచ్చు, బుద్ధుడి బొమ్మ, వెనకాల జలపాతం, కాసేపటికోసారి అదే ఫ్లూట్ ముక్క మళ్ళీ వస్తుంది, ఒకసారి చెవి దాన్ని పట్టేసిందంటే ఇక ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోవడమే, రిలాక్స్ ఎక్కడ. కొన్నయితే మొదట్లో బానే ఉంటాయి, తర్వాత ఫ్లూట్ దారి ఫ్లూట్‌ది, కీబోర్డు దారి కీబోర్డుది, అతికించినట్టు ఉంటుంది. ఎందుకలా అనిపిస్తుందో చెప్పడం రాదు, నేను సంగీతం నేర్చుకోలేదు. ఇంకో డౌటు, 432 హెర్ట్జ్ అని టైటిల్లో పెడతారు కదా, దాంట్లో ఏమైనా ఉందా? హెడ్‌ఫోన్స్‌లో వినడానికి మంచి ఆల్బమ్స్ చెప్పండి ప్లీజ్.

శ్రుతిపెట్టె:
మీ చెవి కరెక్టుగానే పట్టిందండీ, అది అతికించిందే. మన సంగీతంలో కింద షడ్జమం (స) కదలదు, తంబురా మొదటి నుంచి చివరి దాకా అదే మోగుతుంది, పైన రాగం తిరుగుతుంది. పాశ్చాత్య పద్ధతిలో కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతూ ఉంటాయి, అంటే నేలే జరుగుతుంది. ఇప్పుడు ఫ్లూట్ ఆయన మోహన రాగం వాయిస్తున్నాడు అనుకోండి, గాంధారం (గ) మీద హాయిగా నిలబడ్డాడు, సరిగ్గా అప్పుడే కీబోర్డువాడు కింద బేస్‌ని మధ్యమానికి (మ) తీసుకుపోయాడు, మోహనలో మధ్యమమే లేదు, ఫ్లూట్ స్వరం మారలేదు కానీ వినేవాడికి రాగం మారిపోయినట్టు ఉంటుంది. ఒకసారి అయితే అందం, తాళం నాలుగు చుట్లకోసారి అయితే అదిగో మీరన్న అతుకు.

తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, మోహనలో స గ ప తీసుకుంటే మేజర్ కార్డ్, ద స గ తీసుకుంటే మైనర్ కార్డ్, రెండూ రాగంలోపలే దొరుకుతాయి, వాటి మధ్యనే తిరుగుతారు. ఈ జానర్‌లో ఎక్కడ చూసినా అయిదు స్వరాల రాగాలే ఎందుకు కనపడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది, అవి ఒకదాన్నొకటి పెద్దగా గుద్దుకోవు. నాకు ఒళ్ళు మండేది ఇంకోటుంది, పంచమమే (ప) లేని హిందోళం రాగం పైన వాయిస్తూ కింద సింథ్‌లో స-ప నొక్కిపట్టి పావుగంట లాగుతారు. సరే వదిలేయండి.

వినాలంటే ముందు విశ్వమోహన్ భట్, రై కూడర్ చేసిన ఎ మీటింగ్ బై ది రివర్ వినండి, 1993లో వచ్చింది, 1994లో గ్రామీ కూడా వచ్చింది. భట్ గారిది మోహన వీణ, అంటే గిటార్‌కే తరబ్ తీగలు (మీటకుండానే మిగతావాటితో పాటు మోగేవి) చేర్చి, ఒళ్ళో పెట్టుకుని కడ్డీ జార్చి వాయించేది. కూడర్‌ది స్లైడ్ గిటార్. ఇద్దరిదీ జారుడే కాబట్టి గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) దగ్గర తేడా రాదు, ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకుంటారు, ఎవరు ఎవరో కాసేపు తెలియదు కూడా. పరిచయమైన కాసేపటికే కూర్చుని రికార్డు చేశారంటే నమ్మబుద్ధి కాదు. తబలా ఉంటుంది కానీ మీద పడదు.

రాజా_భక్తుడు:
ఇంతమంది ఉండి ఇళయరాజా గారి పేరు ఎవరూ ఎత్తలేదేంటి 😀 1986లో హౌ టు నేమ్ ఇట్, 1988లో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువుతో నథింగ్ బట్ విండ్. మన త్యాగరాజునీ జర్మనీ సంగీతకర్త బాఖ్‌నీ ఒక గదిలో కూర్చోబెట్టిన మనిషి ఆయన. వినండి బ్రో, మిగతావన్నీ తర్వాత.

శ్రుతిపెట్టె:
@రాజా_భక్తుడు కాదనలేదు సార్, కానీ అడిగింది నిద్రకి. హౌ టు నేమ్ ఇట్ పెట్టుకుని ఎవరికి నిద్ర పడుతుందండీ, వయొలిన్లు ఒకదాని వెంట ఒకటి పరిగెడుతుంటే లేచి కూర్చుని వింటాం. నథింగ్ బట్ విండ్ అయితే కొంత ఓకే.

జీవాళి:
432 సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఇది విని విని విసుగొచ్చింది. వాద్యాలన్నీ ఒకే శ్రుతిలో ఉండాలని ‘A’ అనే స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్నారు, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) వాళ్ళు 1955లో సిఫార్సు చేసి 1975లో స్టాండర్డ్ చేశారు, అంతే, అది ఒక ఒప్పందం. 432 అంటే దానికంటే 32 సెంట్లు తక్కువ, అర్ధస్వరానికి 100 సెంట్లు కాబట్టి దాదాపు అందులో మూడోవంతు కిందకి. కొంచెం బరువుగా, మెత్తగా అనిపించొచ్చు, కానీ ఆ అంకెలో మహిమేమీ లేదు. మన కచేరీల్లో ఒకరు ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఇంకొకరు అయిదు శ్రుతిలో పాడతారు, ఎవరి గొంతుకి ఏది కుదిరితే అది, అలాగని ఒకరి తోడి రాగం పనిచేసి ఇంకొకరిది పనిచేయకుండా పోయిందా?

చెవికి నిజంగా తెలిసే తేడా వేరే చోట ఉంది. మంచి తంబురా ఒక్కటే పెట్టుకుని కళ్ళు మూసుకుని వినండి, ప స స స తప్ప ఏమీ మీటరు, కానీ కాసేపటికి మంద్ర (కింది స్థాయి) షడ్జమం తీగలోంచి అంతర గాంధారం (మోహనలో ఉండే గ) దానంతట అదే పలకడం వినపడుతుంది. బ్రిడ్జ్ మీద తీగ కింద చిన్న దారప్పోగు పెడతారు, దాన్ని అటూ ఇటూ ఒక వెంట్రుకవాసి జరిపితే ఆ జుమ్మనే నాదం తెరుచుకుంటుంది, సరిగ్గా దొరికినప్పుడు గది మొత్తం మోగుతుంది. ఇప్పుడు అసలు విషయం, పియానో మీద ఉండే గాంధారం ఆ గాంధారం కంటే సుమారు 14 సెంట్లు ఎక్కువ, ఎందుకంటే పియానోలో పన్నెండు మెట్లూ సమానంగా కోసేశారు. తంబురా నాదం, పియానో గాంధారం రెండూ గట్టిగా, ఎక్కువసేపు కలిపి మోగిస్తే సన్నటి గరగర వస్తుంది. అందుకే పని తెలిసినవాళ్ళు పియానోలో ఆ స్వరాన్ని తేలిగ్గా తాకి వదిలేస్తారు, లేదా స ప మాత్రమే వాయించి గాంధారాన్ని ఫ్లూట్‌కి వదిలేస్తారు. చెవికి హాయి అనేది ఇలాంటి వాటి దగ్గర వస్తుంది, టైటిల్లో అంకె దగ్గర కాదు.

పాతవి వినే ఓపిక ఉంటే టోనీ స్కాట్ అని జాజ్ క్లారినెట్ ఆయన 1964లో టోక్యోలో కోటో (జపాన్ తీగల వాద్యం), షకుహాచి (జపాన్ వెదురు వేణువు) వాళ్ళతో కూర్చుని చేసిన మ్యూజిక్ ఫర్ జెన్ మెడిటేషన్ వినండి, ఈ జానర్‌కి మొదటి రికార్డు అదే అని చాలామంది అంటారు. అందులో ఖాళీలు ఎక్కువ, స్వరానికీ స్వరానికీ మధ్య ఎవరూ తొందరపడరు. పాల్ హార్న్ 1968లో తాజ్ మహల్ లోపల ఒంటరిగా ఫ్లూట్ వాయించి రికార్డు చేసింది ఇంకోటి, అక్కడ ఆ గుమ్మటమే తంబురా పని చేస్తుంది, వాయించిన స్వరం పోకముందే తర్వాతది దాని మీద వచ్చి కూర్చుంటుంది.

చేతివాటం:
హ్యాండ్‌పాన్ ఎవరూ చెప్పలేదు! చూడ్డానికి రెండు మూకుళ్ళు బోర్లించి అతికించినట్టు ఉంటుంది కదా, అది. ఏదో హిమాలయాల్లో పుట్టిన పురాతన వాద్యం అనుకుంటారు జనం, కాదు, 2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాన్‌ఆర్ట్ వాళ్ళు తయారుచేశారు, హాంగ్ అని పేరు పెట్టారు. కరేబియన్ స్టీల్‌పాన్ (స్వరాలు పలికే ఉక్కు డ్రమ్ము) రేకుని, మన ఘటంలా చేత్తో వాయించే పద్ధతిని కలిపితే వచ్చింది. మామూలుగా ఎనిమిదో తొమ్మిదో స్వరాలు ఉంటాయి, అన్నీ ఒకే స్కేల్‌వి, ఎక్కడ కొట్టినా అపస్వరం రాదు, కొత్తవాళ్ళు ఎగబడేది అందుకే. ఎక్కువమంది కొనే డి కుర్డ్ అనే స్కేల్ మన నఠభైరవి రాగం స్వరాలే. అయితే నా అభిప్రాయం, అరగంట దాటితే బోర్ కొడుతుంది, స్వరాలు తక్కువ కాబట్టి చెప్పడానికి ఏమీ మిగలదు. పని చేసుకుంటూ అయితే సూపర్.

మాండలిన్ శ్రీనివాస్ గారిని మర్చిపోకండి. 1995లో మైకేల్ బ్రూక్‌తో డ్రీమ్ అని ఒకటి చేశారు, రియల్ వరల్డ్ లేబుల్. బ్రూక్ అంటే స్వరాన్ని తెగకుండా సాగదీసే ఇన్ఫినిట్ గిటార్ చేసుకున్నాయన. మాండలిన్ మీద తీగ మీటగానే నాదం చచ్చిపోతుంది కదా, ఆ కింద సాగే శబ్దాలు దాన్ని మోస్తాయి, అందుకే ఆ జోడీ కుదిరింది అనిపిస్తుంది నాకు.

నిద్దరపట్టనోడు:
బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు, థాంక్స్ అందరికీ. మీటింగ్ బై ది రివర్ ఇప్పుడే విన్నా, శ్రుతిపెట్టె గారు చెప్పినట్టు ఎవరిది ఎవరిదో తెలియట్లేదు, సూపర్. తంబురా గాంధారం మాత్రం నాకు వినపడలేదు, ఫోన్ యాప్‌లో పెట్టా, దాంట్లో రాదా? ఇంకోటి, హిందుస్తానీ సితార్, సంతూర్ రికార్డులు పెడితే మొదట నిద్ర వస్తుంది, చివర్లో ఉలిక్కిపడి లేస్తున్నా, దానికేం చేయాలి?

జీవాళి:
యాప్‌లో కూడా వస్తుంది, కానీ ఫోన్ స్పీకర్‌లో మంద్రమే పలకదు, హెడ్‌ఫోన్స్ పెట్టి, యాప్‌ని స-ప లో ఉంచి, వాల్యూమ్ తగ్గించి వినండి. మొదటిసారి దొరక్కపోతే మీరే గాంధారం సన్నగా కూనిరాగం తీసి ఆపండి, అక్కడ ఏం వెతకాలో చెవికి తెలుస్తుంది.

శ్రుతిపెట్టె:
ఉలికిపాటుకి కారణం ఝాలా, అంటే చివర్లో వేగంగా వాయించే భాగం. ఆలాప్ (రాగాన్ని మెల్లగా పరిచయం చేసే భాగం) తాళం లేకుండా నిదానంగా మొదలై, తర్వాత గత్ (తాళంతో వాయించే భాగం) వచ్చి తబలా చేరి, చివరికి ఝాలాలో స్పీడు ఆకాశానికి పోతుంది, అది ఉన్నదే లేపడానికి. ఆలాప్ ట్రాక్ విడిగా ఉన్నవి చూసి అవి మాత్రమే ప్లేలిస్ట్‌లో వేసుకోండి, ఒకే పొడుగు ట్రాక్ అయితే స్లీప్ టైమర్ పెట్టేయండి తబలా వచ్చేలోపు. ఆటోప్లే కూడా ఆపేయండి, లేకపోతే దాని వెనకాల మళ్ళీ మీ జలపాతం వచ్చేస్తుంది.