పిన్‌కోడ్‌ను బట్టి క్యాష్ ఆన్ డెలివరీ: వూకామర్స్‌లో కోడ్ రాయాల్నా, ప్లగిన్ చాలా?

గానుగ_అనంత (అనంతపురం)
అన్నా, మాది గానుగ నూనెల దుకాణం. వర్డ్‌ప్రెస్‌లో వూకామర్స్ (ఆన్‌లైన్ అంగడి నడిపే ప్లగిన్) స్టోరు పెట్టినాం. శెనక్కాయ నూనె, నువ్వుల నూనె. లీటరు సీసాలు, 5 లీటర్ల క్యాన్లు. మూడు పనులు కావాల. క్యాష్ ఆన్ డెలివరీ 515, 516, 518తో మొదలయ్యే పిన్‌కోడ్లకే కనపడాల. అది ఎంచుకుంటే 40 రూపాయలు అదనంగా పడాల. క్యాన్‌కు, సీసాకు పార్శిల్ ఛార్జీ వేర్వేరుగా ఉండాల. థీమ్ ఫంక్షన్స్ ఫైల్లో కోడ్ వేయమని కొందరు, ప్లగిన్ కొనమని కొందరు అంటాండారు. ఏది మేలు?

కర్నూలు_వెబ్
మొదటిదానికీ మూడోదానికీ రెండూ అక్కర్లేదు. ఉన్న సెట్టింగులు చూడకుండా కోడ్ జోలికి పోవద్దు.

షిప్పింగ్ సెట్టింగుల్లో ‘సీమ’ అని కొత్త జోన్ చేయండి. ప్రాంతం ఇండియా అని పెట్టి, పిన్‌కోడ్ల పెట్టెలో 515*, 516*, 518* వరుసకొకటి రాయండి. ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటే, కస్టమర్ పొరపాటున వేరే రాష్ట్రం నొక్కినప్పుడు జోన్ తగలదు. జోన్లను పైనుంచి కిందికి చూసి, మొదట సరిపోయినదాన్నే తీసుకుంటుంది కాబట్టి ‘సీమ’ను అన్నిటికన్నా పైకి లాగండి. అందులో ఒక ఫ్లాట్ రేట్ (మనం నిర్ణయించే డెలివరీ ఛార్జీ) చేర్చండి. తర్వాత పేమెంట్స్‌లో క్యాష్ ఆన్ డెలివరీ తెరిచి, ఏ షిప్పింగ్ పద్ధతులకు వర్తించాలో అడిగేచోట ‘సీమ’ జోన్ ఫ్లాట్ రేట్ ఒక్కటే ఎంచుకోండి. ‘ఏ ఫ్లాట్ రేట్ అయినా’ అనే ఎంపిక కూడా పక్కనే ఉంటుంది. అది నొక్కితే ఇతర జోన్లలోని ఫ్లాట్ రేట్‌కూ నగదు తెరుచుకుంటుంది.

ఛార్జీకి ‘సీసా’, ‘క్యాన్’ అని రెండు షిప్పింగ్ క్లాసులు చేసి ప్రతి ఉత్పత్తికీ తగిలించండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. క్యాన్‌లో నూనే నాలుగున్నర కిలోలు. డబ్బా, అట్టపెట్టె కలిస్తే 5 కిలోలకు చేరుతుంది. మీ కొరియర్ రేటు ఆ లెక్కన చూసుకోండి. క్యాన్ క్లాసు ఖర్చు దగ్గర ఉత్త 90 అని రాస్తే ఎన్ని క్యాన్లు కొన్నా 90 మాత్రమే పడుతుంది. 90 రాసి, గుణకారపు గుర్తు పెట్టి, చదరపు బ్రాకెట్లలో క్యూటీవై (ఎన్ని కొన్నారన్న లెక్క) అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో రాయాలి. లెక్కింపు ‘పర్ క్లాస్’ అని ఉంచండి. ‘పర్ ఆర్డర్’ పెడితే ఎక్కువ ఖరీదున్న క్లాసు ఒక్కదాని ఛార్జీనే వేస్తుంది.

కడప_పీహెచ్‌పీ
40 రూపాయలకు మాత్రం కోడ్ కావాలి. వూకామర్స్ కార్ట్ క్యాలిక్యులేట్ ఫీజ్ అనే హుక్‌లో (మన కోడ్‌ను తగిలించే చోటు), సెషన్‌లోని (కస్టమర్ ఎంపికలు తాత్కాలికంగా ఉండే చోటు) చోజన్ పేమెంట్ మెథడ్ విలువ సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) అయితే, రుసుము కలిపే యాడ్ ఫీ ఫంక్షన్‌ను పిలవాలి. దానికి వరుసగా పేరు, మొత్తం, పన్ను పడాలా లేదా, పన్ను తరగతి ఇస్తారు. సరుకుతోపాటు వసూలుచేసే రుసుము కూడా బిల్లు విలువలో భాగమే, కాబట్టి మూడోదాన్ని ట్రూ పెట్టండి. వంటనూనెకు జీఎస్టీ 5 శాతం. దానికి మీరు వేరే తరగతి పెట్టుంటే ఆ పేరు నాలుగోదానిలో ఇవ్వాలి. ఖాళీగా వదిలితే స్టాండర్డ్ రేటు పడుతుంది.

ఎక్కువమంది చిక్కుకునేది దీని తర్వాతే. పాత, అంటే షార్ట్‌కోడ్‌తో పెట్టే, చెక్అవుట్ (ఆర్డర్ పూర్తిచేసే) పేజీలో చెల్లింపు పద్ధతి మార్చితే మొత్తం దానంతట అది మారదు. ఆ రేడియో బటన్ మారగానే అప్‌డేట్ చెక్అవుట్ ఈవెంట్‌ను కదిలించే రెండు లైన్ల జావాస్క్రిప్ట్ జోడించాలి.

గానుగ_అనంత
మా చెక్అవుట్ పేజీ బ్లాకులతో ఉండాది. పనిచేస్తాదా?

కడప_పీహెచ్‌పీ
ఆ జావాస్క్రిప్ట్ పనిచేయదు. 2023లో వచ్చిన 8.3 నుంచి కొత్త స్టోర్లకు బ్లాక్ పేజీయే వస్తోంది. నెట్లో దొరికే స్నిప్పెట్లలో (చిన్న కోడ్ ముక్కల్లో) చాలావరకు పాత పేజీకి రాసినవి. ఆ బ్లాక్ తీసేసి వూకామర్స్ చెక్అవుట్ షార్ట్‌కోడ్ (చదరపు బ్రాకెట్లలో రాసే పేరు) పెట్టుకోవడం మీకు సులువు. అది వద్దనుకుంటే, బ్లాక్ చెక్అవుట్‌కు పనిచేస్తుందని స్పష్టంగా రాసున్న ఫీజు ప్లగిన్ చూసుకోండి.

కర్నూలు_వెబ్
కోడ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా చెప్పాలి. థీమ్ ఫంక్షన్స్ ఫైల్లో వద్దు, థీమ్ అప్‌డేట్ అయితే తుడిచిపెట్టుకుపోతుంది. కోడ్ స్నిప్పెట్స్ ప్లగిన్‌లో పెట్టి, ఫ్రంట్ఎండ్‌లోనే నడిచేలా ఎంచుకోండి. కోడ్ తప్పినా అడ్మిన్ తెరుచుకుంటుంది. వాట్సాప్‌లోనో బ్లాగులోనో కాపీ చేసిన కోడ్‌లో కోట్ గుర్తులు వంకర తిరిగి వస్తాయి, పీహెచ్‌పీ వాటిని కోట్లుగా గుర్తించదు. అన్నిటినీ నిలువు కోట్లుగా మార్చాకే సేవ్ చేయండి. అడ్మిన్ కూడా మూసుకుపోతే వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్లో ‘ఎడిటింగ్ ఇక్కడితో ఆపండి’ అనే కామెంటుకు పైన కోడ్ స్నిప్పెట్స్ సేఫ్ మోడ్ కాన్‌స్టంట్‌ను ట్రూగా డిఫైన్ చేయండి. పేరంతా పెద్దక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్లు. స్నిప్పెట్లన్నీ ఆగుతాయి. తప్పు సరిచేశాక ఆ లైను తీసేయండి.

పేజీల కాపీలు దాచిపెట్టి త్వరగా చూపించే కాషింగ్ ప్లగిన్ (నగదుతో సంబంధం లేనిది) వాడుతుంటే కార్ట్, చెక్అవుట్ పేజీలు దాని జాబితాలోంచి మినహాయించారో లేదో చూసుకోండి.