అప్‌డేట్: యాసిడ్ లారీ బోర్డుల సంగతి తేలింది

హైదరాబాద్ నుంచి వరంగల్‌కు హైడ్రోక్లోరిక్ యాసిడ్ కిరాయి వచ్చింది, మా బావ లారీ వెనక "డేంజర్" అని రాయిస్తే సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. చాలదు. దారి చూపించిన అన్నలందరికీ థాంక్స్.

1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 134వ రూల్ ప్రకారం, ప్రమాదకర సరుకు వివరాలు రాసిన ప్యానెల్ (బోర్డు) లారీకి రెండు పక్కలా, వెనకా ఉండాలి. సరుకు పేరు, ప్రమాదం జరిగితే చేయాల్సిన ఫోన్ నంబర్లు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు, యూఎన్ నంబర్ (ప్రమాదకర సరుకును గుర్తించే అంతర్జాతీయ నంబర్) కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తు, ప్రమాదం ఏ రకమో బొమ్మతో చూపే లేబుల్ కనీసం 250 మిల్లీమీటర్ల చదరం ఉండాలి. మా సరుకు యూఎన్ నంబర్ 1789, క్లాస్ 8, అంటే తగిలినదాన్ని తినేసే రకం. హన్మకొండలో పెయింటర్‌తో లేబుల్ దగ్గరుండి వేయించాం: పైసగం తెలుపు, కిందిసగం నలుపు, రెండు గొట్టాల నుంచి చుక్కలు ఒకటి చేతి మీద, ఒకటి లోహం మీద పడుతుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం ఫోన్ నంబర్ అని నాకనిపించింది. సరుకు పంపేవాళ్లు ముందు ఆఫీసు ల్యాండ్‌లైన్ ఇచ్చారు. రాత్రి అదెవరు ఎత్తుతారు? గట్టిగా అడిగి, ఇరవై నాలుగు గంటలూ పలికే నంబర్ తీసుకున్నాం. దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర బండి ఒరిగితే ముందు పరుగెత్తుకొచ్చేది పక్క ఊరివాళ్లే. లోపల ఏముందో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు దూరం నుంచే తెలియాలి.

ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కార్డు) క్యాబిన్‌లో పెట్టాం. ఇక మిగిలింది బండి నడిపే తమ్ముడికి ప్రమాదకర సరుకుల మీద మూడు రోజుల ట్రైనింగ్, అతని లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్ (ఆ సరుకు తోలొచ్చని రాయించుకోవడం). అది వచ్చేదాకా లోడ్ ఎత్తనని బావ చెప్పేశాడు.