చెస్‌లో పిల్లలకి ముందు ప్లాన్ నేర్పాలా, జాగ్రత్త నేర్పాలా?

పర్లాకిమిడి మాస్టారు:
మొన్న మా ఊళ్ళో స్కూలు పిల్లల పోటీలో ఒక గుంటడు ఎంత బాగా ఆడేడో, ఏనుగులు రెండూ ఓపెన్ ఫైల్ (బంట్లు లేని నిలువు వరస) మీదకి తెచ్చేడు, బంటు దన్ను పెట్టి గుర్రాన్ని అవతలోడి ఇంట్లో కూర్చోబెట్టేడు, తీరా గెలిచే ముందు మంత్రిని ఒట్టినే ఇచ్చేసి ఏడుపు మొదలెట్టేడు. కడుపు తరుక్కుపోయింది నాకు. ప్లాన్ తర్వాత సంగతి, ముందు ఎత్తు ఎత్తుకీ ప్రమాదం చూసుకోడం నేర్పాలి. 1956 ఆమ్‌స్టర్‌డామ్ క్యాండిడేట్స్‌లో (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే పోటీ) పెట్రోసియన్ బ్రోన్‌స్టైన్‌ని ఊపిరాడకుండా బిగించేసేడు, బ్రోన్‌స్టైన్ గుర్రం వచ్చి తన మంత్రిని పట్టిందని చూడక వేరే ఎత్తు వేసేడు, గేమ్ అక్కడితో సరి. జాగ్రత్తకే పేరుపడ్డ మనిషి ఆయన!

బరంపురం కుర్రాడు:
ఒప్పుకోను మాస్టారూ. జాగ్రత్త అని రోజూ నూరిపోస్తే పిల్లలు భయంతో దొరికిన పీసల్లా ఇచ్చిపుచ్చుకుని మార్చేసుకుంటారు. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్ చూడండి. అప్పటి ఛాంపియన్ డింగ్‌కి ఒక బంటు తక్కువ, అయినా డ్రా చేతిలో ఉంది, ఇంకా సులువు చేసుకుందామని 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2 గడికి పెట్టేడు. గుకేశ్ ఏనుగులు మార్చేసి బిషప్‌ని డి5కి తెచ్చేడు, అవీ మారిపోయేయి, మిగిలిన బంట్ల ఆటలో డింగ్‌కి దారి లేదు. బిషప్‌లు కూడా పోతే ఏటవుద్దో ముందే చూసుకుంటే ఆ ఎత్తు పడేదే కాదు. 18 ఏళ్ళకి ప్రపంచ ఛాంపియన్ అయ్యేడు గుకేశ్.

రాయగడ అమ్మ:
మా పాప స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు, గుర్రాన్ని ఘోడా అంటాది. దానికి నేను చెప్పింది ఒకటే, అవతలోడు ఎత్తు వేసేక చేతులు ఒళ్ళో పెట్టుకో, వాడి పీస ఇప్పుడు దేన్ని కొడతాదో, ఎక్కడ చెక్ ఇస్తాదో చూడు, అప్పుడు నీ ప్లాన్ చూసుకో అని. ముట్టుకున్న పీస ఆడాల్సిందే కదా, చెయ్యి తొందరపడితే ఆలోచన ఏం చేస్తుంది? మొదట్లో టైం అయిపోయి రెండు గేములు పోగొట్టుకుంది, నిజమే. ఇప్పుడు అలవాటై చకచకా చూసేస్తోంది.

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, డింగ్ సంగతి ఒప్పుకున్నాను, చివరిదాకా లెక్క చూడకుండా మార్చేసుకోడం జాగ్రత్త కాదు. కానీ వరస విషయంలో అమ్మగారి మాటే నాదీనూ. బ్రోన్‌స్టైన్ అప్పటిదాకా ఆ గుర్రాన్నే అటూ ఇటూ తిప్పుతున్నాడు, పెట్రోసియన్ ఇక దాన్ని చూడడం మానేసినట్టున్నాడు. వచ్చే ఆదివారం ఆ పొజిషన్ బోర్డు మీద పెట్టి, ఆ గుర్రం ఎందుకొచ్చిందో చెప్పేకే ఎత్తు వెయ్యమంటాను మా పిల్లల్ని.