“చంపుకు తింటున్నాడు”: ఈ మాటను కథలో ఎలా వాడాలి?

కథ రాస్తున్నవారు:
అందరికీ నమస్కారం. ఒక ఆఫీసు చుట్టూ, ఒక హత్య చుట్టూ నడిచే నవలిక రాస్తున్నాను. హైదరాబాదులో లెక్కల విభాగం, పదకొండు మంది, ఒక మేనేజరు. అతను చెయ్యి ఎత్తడు, గొంతు కూడా పెంచడు. మీటింగు ఉందని పదిమందికి చెప్పి ఒక్కడికి చెప్పడు. ఆ ఒక్కడు చేసిన పని మీద ఇంకొకరి పేరు పెడతాడు. అతని సెలవు చీటీని మూడు రోజులు పేపరు వెయిటు కింద ఉంచి, నాలుగో రోజు “ఇదేమిటి, ఎప్పుడిచ్చారు?” అని అందరి ముందూ అడుగుతాడు. దీన్ని ఇంగ్లీషులో బుల్లీయింగ్ అంటున్నారు. నేను ‘వేధింపు’ అని రాస్తే, చిత్తుప్రతి చదివిన స్నేహితురాలు “ఆడవాళ్ల విషయమా?” అంది. నా కథలో నలిగేది ఒక మగ గుమాస్తా, చచ్చేది మేనేజరు. సరైన మాట ఒక్కటి చెప్పగలరా?

పాత సబ్ఎడిటర్:
తప్పు మీ స్నేహితురాలిది కాదు, మాది. 1983లో, భార్యను భర్తా అత్తింటివారూ హింసించడం మీద 498ఎ సెక్షన్ వచ్చింది. చట్టం అన్నది క్రూరత్వం అనే, మేం మాత్రం ‘వరకట్న వేధింపులు’ అని శీర్షికలు పెట్టుకుంటూ పోయాం. పని ప్రదేశాల్లో మహిళల రక్షణకు 2013లో చట్టం వచ్చేసరికి ‘లైంగిక వేధింపులు’ స్థిరపడింది. అలా ఆ మాటను రెండు గదుల్లో పెట్టి తాళం వేశాం. మీ గుమాస్తా కోసం ప్రత్యేక చట్టమూ లేదు, శీర్షికలో పట్టే మాటా లేదు. కాలేజీ పిల్లలు కొంత నయం. 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసినప్పుడు ర్యాగింగ్‌ను ర్యాగింగ్‌గానే ఉంచారు, గొడవ లేకుండా.

అయితే ‘వేధ’ను అంత తేలిగ్గా వదలకండి. దాని అసలు అర్థం గుచ్చడం, పొడవడం. చెవులు కుట్టించడం కర్ణవేధ, చప్పుడును బట్టి బాణం వేసేవాడు శబ్దవేధి, వేటగాడు వ్యాధుడు. అన్నీ ఒక ధాతువు పిల్లలే. అచ్చతెలుగు వైపు వచ్చినా అదే కథ. దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు అంటాం, రెండింటిలోనూ పొడుపు ఉంది. సూటిపోటి మాటల్లో పోటు వినిపిస్తూనే ఉంది. ఎవరినైనా మాటలతో హింసించడం గురించి చెప్పాలంటే మన నోటికి ముందు కత్తే వస్తుంది. రోజూ వాడి వాడి మొండిదైపోయింది కాబట్టి ఎవరికీ తెగడం లేదు, అంతే. థ్రిల్లర్ రాసేవారికి ఇంతకంటే ఏం కావాలి?

హెచ్ఆర్‌లో పదహారేళ్లు:
నా దగ్గరికి వచ్చి తలుపు వేసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ‘వేధింపు’ అనలేదు. ఎక్కువగా విన్నది “పొగబెడుతున్నారు మేడమ్” అని. పొమ్మనలేక పొగబెట్టడం ఎంత ఖచ్చితమైన మాటో చూడండి. తీసెయ్యరు, తీసేస్తే కాగితం ఉంటుంది, కారణం రాయాలి. ఊపిరాడకుండా చేస్తే మనిషే లేచి వెళ్లిపోతాడు.

ఇంకొకటి. ఇది వేరే భాషలో రాయలేరు. ఒక సంస్థలో (పేరు వద్దు) పైఅధికారి తన కిందివాళ్లందరినీ పేరు పెట్టి ‘నువ్వు’ అనేవాడు, ఎవరికీ పట్టింపు లేదు. ఒక సోమవారం నుంచి ఒక్క మనిషిని మాత్రం ‘గారూ’ అనడం మొదలుపెట్టాడు. రెండో వారం ‘తమరు’. మూడో వారం “అయ్యగారు వేంచేశారా?” ఆ వాక్యం అయ్యాక గదంతా నవ్వేది. ఆయన ఫిర్యాదు రాసుకుని వచ్చి, నా ముందే చదువుకుని చించేశాడు. “మర్యాదగా పిలుస్తున్నారని ఫిర్యాదు చేయనా మేడమ్?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

పారిస్ నుంచి:
పొగ మాట చూసి రాస్తున్నాను. ఇక్కడ ఫ్రాన్స్ టెలికాం అధిపతి దిదియే లొంబార్ 2006లో తన అధికారులతో, 22,000 మందిని ఎలాగైనా పంపిస్తానని, కిటికీలోంచో తలుపులోంచో వెళ్తారని అన్నాడు. తర్వాతి ఏళ్లలో ఆత్మహత్యలు జరిగాయి. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు అతన్నీ, సంస్థనూ దోషులుగా తేల్చింది. 2002 నుంచి ఇక్కడి చట్టంలో ఉన్న మాట ‘ఆర్సెల్మాఁ మొరాల్’. దాన్ని ‘నైతిక వేధింపు’ అని తెలుగు చేస్తే నవ్వులపాలే. అక్కడ మొరాల్ అంటే మనసుకు సంబంధించినది. పొగబెట్టడమే దగ్గర.

వ్యాకరణం మాస్టారు:
ఆఫీసు హత్య అంటున్నారు, తిక్కన గారిని మరిచారే! విరాటపర్వం చదవండి. సైరంధ్రి, అంటే మారువేషంలో ఉన్న ద్రౌపది, ఉద్యోగి. యజమానురాలు సుధేష్ణ. వేధించేవాడు యజమానురాలి తమ్ముడు, సేనాపతి కీచకుడు. పని పేరుతో, మద్యం తెమ్మని, వాడింటికి ఆమెను పంపింది సుధేష్ణే. నిండు సభలో తన్నినా విరాటుడు బావమరిదిని గట్టిగా ఒక మాట అనలేకపోయాడు. ఫిర్యాదుకు ఉన్న మెట్లన్నీ అయిపోయాకే ఆమె రాత్రివేళ వంటశాలకు వెళ్లి వలలుణ్ని, అంటే వంటవాడి వేషంలో ఉన్న భీముణ్ని, లేపింది. ఆ తర్వాత నర్తనశాల. పగలు పిల్లల ఆటపాట, రాత్రి నరసంచారం ఉండదు. చోటు ఎంపిక చూశారా!

వాడు చచ్చాక వాడి తమ్ముళ్లు ఉపకీచకులు చేసింది ఇంకా ఘోరం, ఆమెను వాడి శవంతోపాటు కాల్చబోయారు. ‘అయ్యగారు వేంచేశారా’కు నవ్విన గది గుర్తొచ్చింది నాకు. పత్రికలు కీచకుణ్ని తెగ వాడుకుంటాయి గానీ, ఉపకీచకులన్న మంచి మాటను అంతగా పట్టించుకోవు.

ఇక పద్యం. కీచకుడితో సైరంధ్రి తన అయిదుగురు గంధర్వ భర్తల గురించి చెప్పిన “దుర్వారోద్యమ” శార్దూలం చివర:

“మానముఁ బ్రాణముం గొనుట తథ్యం బెమ్మెయిం గీచకా!”

నీ మానమూ ప్రాణమూ తీయడం ఎలాగైనా ఖాయమని అర్థం. ద్రుతం (మాట చివరి నకారం) మీది పరుషాలు (క, ప వంటివి) సరళాలయ్యాయి (గ, బ). ప్రాణము బ్రాణమైంది, కొనుట గొనుట అయింది, కీచకుడు గీచకుడయ్యాడు. చదివేటప్పుడు ఆ మూడు చోట్లా నాలుక బరువు పడుతుంది. వరస కూడా చూడండి, మానం ముందు, ప్రాణం తర్వాత. మీ మేనేజరు గుమాస్తా దగ్గర మొదటిది తీసుకున్నాడు. గుమాస్తా రెండోది తీసుకున్నాడు.

(ఒక చిన్న పిడకలవేట: కీచకం అంటే గాలికి మోగే వెదురు కూడా. తొలిచిన వెదురు! సబ్ఎడిటర్ గారి వేధకు చుట్టమే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.)

పాత సబ్ఎడిటర్:
మాస్టారూ, ‘కొనుట’ దగ్గర ఆగండి. మనం రోజూ అనే చంపుకు తినడం, కాల్చుకు తినడం, వేపుకు తినడం, పీక్కు తినడం, వీటన్నిటిలో ఉన్నది ఆ కొనుటే కదా? చంపుకొని, కాల్చుకొని, పీక్కొని. ఉత్తినే చంపడం కాదు, తన కోసం, తన రుచి కోసం చంపడం. బుల్లీయింగ్‌కు సమానమైన నామవాచకం వెతుకుతున్నారు గానీ, మన భాష ఈ పనిని క్రియతోనే పట్టుకుంది. చేసేవాడికి అందులో రుచి ఉందన్న సంగతి ‘కొను’ ఒక్కటే చెప్పేస్తుంది. వేధింపు అన్న మాటలో ఆ రుచి లేదు, కాగితం వాసనే ఉంది.

వ్యాకరణం మాస్టారు:
అంగీకరించాను. పైగా కాల్చడం, వేపడం అన్నీ వంటింటి పనులు. కీచకుడు చివరికి వంటవాడి చేతికే చిక్కాడు.

హెచ్ఆర్‌లో పదహారేళ్లు:
కానీ కథకు ఒక చిక్కు. “మా సారు నన్ను చంపుకు తింటున్నాడు” అని ఎవరు చెప్పినా మేం టీ తెప్పించేవాళ్లం. వినీ వినీ ఆ మాటలో చావు వినిపించడం మానేసింది. మీ గుమాస్తా కథలో ఎన్నిసార్లు చెప్పినా పాఠకుడికి కూడా అది తగలదు.

కథ రాస్తున్నవారు:
తగలకూడదు. ఇప్పుడు దారి దొరికింది. మొదటి అధ్యాయం నుంచి అందరి నోటా అదే మాట వస్తుంది, టీ దగ్గర, లిఫ్టులో, ఇంట్లో భార్యతో. ఎవరూ పట్టించుకోరు. హత్య జరిగాక ఆఫీసు బంట్రోతు వాంగ్మూలం ఇస్తాడు. కానిస్టేబులు విన్నది విన్నట్టు రాస్తాడు: “హతుడు ముద్దాయిని రోజూ చంపుకు తినేవాడు.” పైనున్న ఎస్ఐ అది చదివి, చచ్చినవాడు చంపడమేమిటని విసుక్కుని, కొట్టేసి, పైన వేరే మాట రాస్తాడు. స్టేషన్ తెలుగులో ఏమని రాస్తాడంటారు?

పాత సబ్ఎడిటర్:
“వేధింపులకు గురిచేయుచుండెను.” అనుమానమే లేదు.

వ్యాకరణం మాస్టారు:
కొట్టివేత ఒక్క గీతతోనే ఉండాలి. కింది మాట చదవడానికి వీలుగా.